థాంక్స్ చెప్పడం చేతకాని మనకు: కృతజ్ఞత అలవాటు గురించి మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు

విజయనగరంలో మా కాలనీ పార్కులో ఆదివారం సాయంత్రాలు పదీ పదిహేను మందిమి కూర్చుంటాం. వారంలో ఎవరి వల్ల మేలు జరిగిందో చెప్పుకుని లేచిపోతాం. నాలుగేళ్ళుగా నడుస్తోంది. సంఘం కాదు, పేరు లేదు, చందా లేదు. పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి రాతపని నా మీద పడింది. కొత్తగా వచ్చేవాళ్ళూ, శ్రీకాకుళం వైపు నుంచి ఫోన్ చేసేవాళ్ళూ అవే సందేహాలు అడుగుతుంటే ఇలా ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే ఉంచాను. మీకు పనికొచ్చేది ఒక్కటి చదువుకుని వెళ్ళిపోయినా సరే.

## మొదలుపెట్టే ముందు

కృతజ్ఞత అలవాటు అంటే ఏటి? రోజూ ఏం చెయ్యాలి?

ఒక నోటుబుక్కు కొనుక్కోండి. ఇవాళ మీకు కలిసొచ్చినవి రెండో మూడో అందులో రాయండి. ఒక్కోదాని పక్కన అది ఎవరి వల్ల జరిగిందో రాయండి. ఐదు నిమిషాల పని. "వానలో తడవకుండా బయటపడ్డాను" అని ఆపెయ్యకండి. "కోట జంక్షన్ దగ్గర వాన అందుకుంటే టీకొట్టాయన లోపలికి పిలిచి స్టూలు వేశాడు" అని రాయండి. ఇది సగం పని. మిగతా సగం, అప్పుడప్పుడూ ఆ టీకొట్టాయన దగ్గరకు వెళ్ళి ఆ సంగతి చెప్పడం. రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. వెళ్ళి చెబితే మనుషులు దగ్గరవుతారు. రెండోది చెయ్యడానికి చాలామందికి కాళ్ళాడవు, నాతో సహా.

మన ఇళ్ళలో థాంక్స్ చెప్పుకోం కదండీ. ఇదంతా మనకి నప్పుతుందా?

మన భాషలో ఒక తమాషా ఉంది. చేసిన మేలు మరిచినవాణ్ణి తిట్టడానికి మాటలకు కొదవ లేదు: తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు, ఏరు దాటాక తెప్ప తగలేసేవాడు, విశ్వాసం లేనివాడు. మేలు చేసినవాడి ముఖం మీద చెప్పడానికి మాత్రం ఇంట్లో వాడే మాట ఒక్కటి దొరకదు. ధన్యవాదాలు మైకు ముందు చెబుతాం. కృతజ్ఞత పరీక్ష పేపర్లో రాస్తాం. థాంక్స్ ఆఫీసులో. అదే థాంక్స్ ఇంట్లో అంటే "నానేమైనా పరాయిదాన్నా?" అని వాళ్ళకు చిన్న కోపం. ఆ కోపంలో న్యాయముంది. అయినవాళ్ళ మధ్య లెక్కలేమిటి అని దాని భావం.

అలాగని మనకు చెప్పుకోవడం రాదనుకోకండి. బరువు దించడానికి ఎవరైనా చెయ్యి వేస్తే మా అమ్మమ్మ "నీ కడుపు చల్లగుండ నాయినా" అనేది. పక్కింటి నుంచి కూర వస్తే ఆ గిన్నె ఉత్తిది తిరిగి పంపం. గుప్పెడు పంచదారో, నాలుగు మునక్కాడలో పడతాయి. కనుమనాడు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగు వేసి, బొట్టు పెడతాం. ఎద్దుకు చెప్పుకునే పద్ధతి ఉంది గానీ, ఏడాది పొడుగునా ఆ ఎద్దుల్ని తోలిన కంబారికి, అంటే పాలేరుకి, ఎదురుగా నిలబడి ఏం చెప్పాలో మన పెద్దలు నేర్పలేదు. ఆ ఖాళీని పూడ్చుకోవడమే మేం పార్కులో కూర్చుని చేస్తున్నది.

అందుకని రోజుకు పదిసార్లు థాంక్స్ అనక్కర్లేదు. "రాత్రి నువ్వు లేచి మోటారు కట్టకపోతే ట్యాంకు పొర్లి వీధంతా నీళ్ళయ్యేవి" అంటే చాలు. థాంక్స్ అన్న మాట అందులో లేకపోయినా విన్నవాళ్ళకు అందుతుంది. ఏ మాట వాడినా ఫరవాలేదు, చేసిన పని వివరంగా రావాలి.

ఇది దేవుడికి దండం పెట్టుకోవడమే కదా, మళ్ళీ వేరే ఎందుకు?

దండం మానక్కర్లేదు. మా ఊళ్ళో పైడితల్లమ్మకి సిరిమానోత్సవం నాడు మొక్కు తీర్చుకోని ఇల్లు తక్కువ. అరసవల్లిలో రథసప్తమి నాటి వరసలు మీకు తెలిసినవే. నాకు కనిపించే చిక్కు ఒకటుంది. మొక్కులో లెక్క ముగిసిపోతుంది: కోరిక తీరింది, తలనీలాలిచ్చాం, సరి. ఈలోగా, అర్ధరాత్రి ఆటో కట్టి పెద్దాసుపత్రికి చేర్చిన పక్కింటి కుర్రాడు "అంతా అమ్మవారి దయ" అన్న మాట కింద కనిపించకుండా పోతాడు. దయ అమ్మవారిదే అనుకోండి, ఆటో ఆ కుర్రాడిది. నోటుబుక్కులో ఇద్దరికీ చోటుంది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు మా గుంపులో ముగ్గురున్నారు, వాళ్ళకూ ఇబ్బందేమీ లేదు.

నిజంగా పని చేస్తుందని ఎవరైనా పరీక్షించారా, లేక ఉత్తి మాటలేనా?

పరీక్షించారు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాలతో దీనికి పేరొచ్చింది. కాలేజీ విద్యార్థుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టు తమకు కలిసొచ్చిన వాటిని, ఒక జట్టు చికాకు పెట్టిన వాటిని, మూడో జట్టు మామూలు సంఘటనల్ని వారానికోసారి ఐదు దాకా రాయాలి. పది వారాల తర్వాత మొదటి జట్టువాళ్ళు తమ జీవితం మెరుగ్గా ఉందని, రాబోయే వారం బాగుంటుందని ఎక్కువగా చెప్పారు. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్ళతో 21 రోజులు రోజూ రాయించి చూశారు. వాళ్ళకు నిద్ర మెరుగైంది. వాళ్ళ జీవిత భాగస్వాముల్ని విడిగా అడిగితే వాళ్ళూ తేడా కనిపించిందన్నారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. మన మాట మనం ఎలాగైనా చెప్పుకుంటాం, పక్కనున్నవాళ్ళు కూడా గమనించారంటే అది వేరు.

అయితే మందులా పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇలాంటి 27 అధ్యయనాల్ని కలిపి చూసిన 2021 నాటి సమీక్షలో దిగులు, ఆందోళన మీద ఫలితం చిన్నదేనని తేలింది. చిన్నదే, కానీ ఖర్చు ఒక నోటుబుక్కు.

బీపీ, షుగరు తగ్గుతాయా?

ఆ ఆశతో మొదలుపెట్టకండి. మాత్రలు మానకండి. నిద్ర కొంచెం బాగా పట్టొచ్చు.

## మొదటి నెల

మూడో రోజుకే అయిపోయాయి. ఆరోగ్యం, పిల్లలు, ఇల్లు... ఇంకేటి రాయాలి?

అందరికీ మూడో రోజుకే అయిపోతాయి. ఎందుకంటే రాసినవన్నీ పెద్ద పెద్ద మూటలు. "పిల్లలు" అని రాస్తే ఇక పిల్లల గురించి మర్నాడు రాయడానికి ఏమీ మిగలదు. మూట విప్పాలి. ఇవాళ ఏ పిల్ల, ఏం చేసింది? "చిన్నది స్కూలు నుంచి వచ్చి, అడక్కుండానే నానమ్మ కాళ్ళకు నూనె రాసింది." ఇది నిన్న లేదు, రేపు ఉండదు. ఇవాళ్టిది.

మా గుంపులో ఒకాయన రిటైర్డు బస్సు డ్రైవరు. మొదటి వారమంతా "ఉద్యోగం ఇచ్చిన సంస్థకు" అని రాసుకొచ్చాడు. మేమూ తలూపాం. ఐదో ఆదివారం నాడు ఏమనుకున్నాడో, రాత్రి సర్వీసులో పాలకొండ దారిలో ఒక కండక్టరు తనకు నిద్ర రాకుండా మూడు గంటలపాటు పక్కన నిలబడి చిన్నప్పటి కథలు చెప్పిన సంగతి చదివాడు. చదువుతూ ఆగిపోయాడు. "ఆడు లేకపోతే ఆ రాత్రి నలబై మందిని ఎక్కడ పడేద్దునో" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ కండక్టరుకి ఆ మాట చెప్పలేదట. ఆ తర్వాత ఆయన నోటుబుక్కుకి కరువు రాలేదు.

ఇంకో ఉపాయం, తీసేసి చూడటం. మీకున్న ఒక మంచిని అసలు జరగనట్టు ఊహించండి. ఆ రోజు ఆ పెళ్ళికి వెళ్ళకపోయి ఉంటే? ఆ మాస్టారు ఫీజు కట్టకపోయి ఉంటే? "ఇది నాకు ఉంది" అని లెక్కపెట్టుకోవడం కంటే "ఇది లేకపోను" అని తలచుకోవడం మనసును ఎక్కువ కదిలిస్తుందని 2008లో చేసిన పరిశోధనలో తేలింది. అలవాటైపోయిన వాటికి ఇది బాగా పనికొస్తుంది. కుళాయిలో నీళ్ళ గురించి రాయడానికి మీకేమీ తోచదు. ఉద్దానంలో చుట్టాలున్నవాళ్ళని అడగండి, మంచి నీళ్ళ బిందె గురించి పేజీ రాస్తారు.

పేరు తెలియని వాళ్ళని ఎలా రాయను?

వాళ్ళు చేసిన పనితో రాయండి. మీ ఇంట్లో పొందూరు ఖద్దరు పంచె ఉందా? ఆ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ళు అంత సన్నం. దువ్విన చెయ్యి, వడికిన చెయ్యి, నేసిన చెయ్యి, మూడూ మీకు తెలియనివే. పంచె మడత పెట్టేటప్పుడు ఒక్క నిమిషం ఆ చేతుల్ని తలచుకుని ఒక లైను రాస్తే సరిపోతుంది. మర్నాడు బేరమాడేటప్పుడు నోరు కాస్త తగ్గుతుంది. అది నా అనుభవం.

రోజూ రాయాలా, వారానికోసారి చాలదా?

చాలు. సోన్యా లూబోమిర్స్కీ అనే పరిశోధకురాలు ఆరు వారాలపాటు చూసింది: వారానికి ఒకసారి రాసినవాళ్ళకు సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్ళకు పెరగలేదు. రోజూ రాస్తే హోంవర్కు అయిపోతుందన్నమాట. స్కూల్లో పనిచేశాను కాబట్టి హోంవర్కు సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి రెండు వారాలు రోజూ రాసి చెయ్యి తిప్పుకోండి, తర్వాత ఆదివారం ఆదివారం.

మా అమ్మకి చదువు రాదు. ఆమె చెయ్యొచ్చా?

మీకంటే బాగా చేస్తుంది. రాత్రి అన్నాల దగ్గర "ఇయ్యాల నీకు ఎవలు మంచి సేసేరే అమ్మా?" అని అడగండి. చెబుతుంది. మా గుంపులో ఒక అప్ప కొంగు ముడి వేసుకుంటుంది: పొద్దుట్నుంచి ఎవరైనా సాయం చేస్తే ఒక ముడి, పడుకునే ముందు ఒక్కోటీ విప్పుతూ వాళ్ళ పేరు తలచుకుంటుంది. నా నోటుబుక్కు కంటే నాకు అదే నచ్చింది.

పొద్దునా, రాత్రా?

రాత్రి. పడుకునే ముందు బుర్రలో తిరిగే ఆలోచనలకూ నిద్రకూ సంబంధం ఉంది. ఎవరో అన్న మాట నమిలి నమిలి పడుకోవడం కంటే మేలు.

ఫోన్లో టైపు చేస్తే ఫరవాలేదా?

ఫరవాలేదు, వాట్సాప్ తెరవకుండా ఉండగలిగితే.

## మనుషుల దగ్గరికి వెళ్ళేటప్పుడు

ఎప్పుడో నలబై ఏళ్ళ కింద సాయం చేసినావిడకి ఇప్పుడు ఉత్తరం రాస్తే పిచ్చిదాన్ని అనుకోరా?

అనుకోరు. ఈ భయం మీ ఒక్కరిదే కాదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్ళు ముందుగా ఏమనుకుంటారో, అందుకున్నవాళ్ళు నిజంగా ఏమనుకున్నారో పోల్చి చూశారు. రాసేవాళ్ళు "వాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందేమో" అని అనవసరంగా భయపడ్డారు. అందుకున్నవాళ్ళు అంత సంతోషిస్తారని వాళ్ళు ఊహించలేదు. మాటలు బాగా కుదిరాయా లేదా అని రాసేవాళ్ళకు బెంగ. చదివేవాళ్ళు చూసేది అందులోని ఆప్యాయత.

నా సంగతి చెబుతాను. డిగ్రీ చదివేటప్పుడు బొబ్బిలిలో ఒక ఇంట్లో అద్దెకుండేదాన్ని. ఇంటావిడ రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే నాకు చోడి (రాగి) అంబలి ఇచ్చింది. అద్దెలో లేదు, లెక్కలో లేదు. ఆ రెండేళ్ళూ పొద్దుటి పూట నాకు అదే తిండి. ఆవిడకు ఎనభై దాటాక ఎవరో అడ్రసిస్తే, పది రోజులు తటపటాయించి, రెండు పేజీలు రాశాను. వాళ్ళబ్బాయి చదివి వినిపించి ఫోన్ చేసి ఇచ్చాడు. అంబలి సంగతి ఆవిడకు గుర్తే లేదు! నేను వాళ్ళ రాగి చెంబు నూతిలో పడేసిన సంగతి మాత్రం తేదీతో సహా చెప్పింది. చివర్లో "ఒలే, ఆ ఉత్తరం నా తలగడ కింద పెట్టుకున్నానే" అంది. దానికి నేనేమీ అనలేకపోయాను.

రాసేటప్పుడు మూడు సంగతులు రావాలి: ఆవిడ చేసింది ఏమిటి, అప్పుడు మీ పరిస్థితి ఏమిటి, దానివల్ల ఇవాళ మీరు ఎలా ఉన్నారు. వీలైతే స్వయంగా వెళ్ళి చదవండి. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఇలా వెళ్ళి ఉత్తరం అందించినవాళ్ళకు వచ్చినంత సంతోషం వాళ్ళు పరీక్షించిన వేరే పద్ధతులేవీ వెంటనే ఇవ్వలేదు. ఆ సంతోషం నెల దాకా ఉండి, తర్వాత తగ్గిపోయింది. ఉత్సవమూ అంతే కదా, మళ్ళీ ఏడాదికి ఇంకొకరికి రాయండి.

సాయం చేసినాయన పోయాడు. ఇప్పుడెవరికి చెప్పుకోను?

పిల్లలుంటే వాళ్ళకు చెప్పండి. తండ్రి గురించి తమకు తెలియని మంచి ఒకటి బయటివాళ్ళ నోటి నుంచి వినడం పిల్లలకు ఆస్తి పంచుకున్నంత.

ఎవరూ లేకపోతే ముందుకు పంపండి. ఘంటసాల మా ఊళ్ళో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె కట్టుకుని ఇంటింటికీ మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాట చెప్పారు. గురువుగారి పేరు చరిత్రలో ఉంది. ఆ జోలెలో అన్నం వేసిన తల్లుల పేర్లు మాత్రం అడిగినా చెప్పేవాళ్ళు ఉండరు. నేను 1919లో మొదలైన ఆ సంగీత కళాశాల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా వాళ్ళే గుర్తొస్తారు. ఊళ్ళో గదులు తీసుకుని చదువుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. పండగ పూట ఒకరికి అన్నం పెట్టండి.

మా ఆయనకి థాంక్స్ చెబితే "ఏటి, డబ్బులేమైనా కావాలా?" అన్నాడు.

మొదటిసారి అందరు మొగుళ్ళూ అదే అంటారు. నవ్వేసి వదిలెయ్యండి, రెండోసారి వేరేగా చెప్పండి. సారా ఆల్గో అనే పరిశోధకురాలు భార్యాభర్తల మధ్య కృతజ్ఞత మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇందులో రెండు రకాలుంటాయని ఆమె తేల్చింది. "నువ్వు గ్యాసు తెచ్చావు కాబట్టి నాకు తిరిగే పని తప్పింది" అంటే అందులో ఉన్నది మన లాభం. "పనిలోంచి అలిసిపోయి వచ్చి కూడా గ్యాసు సంగతి మరిచిపోలేదు చూడు, అది నీ గుణం" అంటే అందులో ఆ మనిషి ఉన్నాడు. విన్నవాళ్ళకు దగ్గరితనం పెంచేది రెండోదే. పొగడ్తలా ఉంటుందని సిగ్గుపడకండి. నిజం చెబుతున్నప్పుడు అది పొగడ్త కాదు.

ఇంకో మాట. పెద్ద పనులకోసం ఎదురుచూడకండి. ఆల్గో బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో జంటల చేత రెండు వారాలు డైరీ రాయించారు. ఒకరు చేసిన చిన్నపాటి ఉపకారానికి రెండోవాళ్ళ మనసులో కృతజ్ఞత కలిగిన మర్నాడు, ఇద్దరికీ తమ బంధం బాగుందనిపించింది.

అత్తగారి విషయంలో ఒక్క మంచీ తోచటం లేదు. నిజం చెప్తన్నాను.

తోచనప్పుడు రాయకండి. అబద్ధం రాస్తే నోటుబుక్కు మీదే నమ్మకం పోతుంది. ఆవిడ చేత్తో పెట్టిన ఆవకాయ బాగుంటే ఆవకాయ గురించి రాయండి, చాలు. కోడళ్ళ గురించి అత్తగార్లు కూడా నన్ను ఇదే అడుగుతారు.

పిల్లలకి ఎలా అలవాటు చెయ్యాలి? మా గుంటడు ఏదిచ్చినా లాక్కుని పోతాడు.

"అంకుల్‌కి థాంక్స్ చెప్పు, చెప్పు, చెప్పు" అని జనం ముందు మెడ పట్టుకోకండి. వాడు చెబుతాడు, కానీ వాడికి అందులో కనిపించేది అవమానమే. దానికి బదులు ఇంటికొచ్చాక అడగండి: "మావయ్య నీకు ఆ బ్యాటు ఎందుకు తెచ్చుంటాడు? ఎంత దూరం నుంచి మోసుకొచ్చుంటాడు?" ఎదుటివాళ్ళు మనకోసం ఏం వదులుకున్నారో ఊహించడం వస్తే, మాట దానంతటదే వస్తుంది. పిల్లలు మన చెవులతో వింటారు, మన కళ్ళతో చూస్తారు. చెత్తబండి ఆమెతో మీరు ఎలా మాట్లాడుతున్నారో వాడు గుమ్మంలోంచి చూస్తూనే ఉంటాడు.

జీతం ఇస్తున్నాం కదా, పనావిడకి ఇంకా థాంక్స్ దేనికి?

జీతం పనికి. ఆవిడ మీ అమ్మగారు జారిపడ్డప్పుడు పట్టుకుంది చూడండి, అది జీతంలో లేదు. ఆడం గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది: ఒక విద్యార్థికి సాయం చేసినవాళ్ళకు థాంక్స్ అన్న జవాబు వెళ్తే 66 శాతం మంది రెండోసారి కూడా సాయం చేశారు. ఆ మాట లేకుండా జవాబు వెళ్తే 32 శాతమే. ఎందుకంటే, తమ పనికి విలువ ఉందని వాళ్ళకు అనిపించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మెన్లు స్తంభాలెక్కుతుంటే జనం కిందనుంచి "ఇంకెప్పుడు?" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, రాత్రి ఎక్కడ పడుకున్నారో, తిన్నారో లేదో అప్పుడు అడగలేదు. జీతం తీసుకుంటున్నారు కదా అనే అనుకున్నాను. అయితే, మాట చెప్పాను కదా అని జీతం పెంచడం మానకండి.

హైదరాబాదులో పని. ఇంటికి ఫోన్ చేస్తే డబ్బు మాటలే. మనసు విరిగిపోతోంది.

సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో మగవాళ్ళు ఇంటిపట్టున ఉండే ఊళ్ళు ఎన్ని? చెన్నైలో కట్టడాలకు కొందరు, గుజరాత్‌లో వేరావల్ రేవుకి వేటకు కొందరు. మిగిలిన బంధమంతా ఆ ఫోన్లోనే.

ఇంటివైపు వాళ్ళకు చెబుతున్నాను: "డబ్బులు పడ్డాయి" అని ఆపకండి. ఆ డబ్బు ఏమైందో చూపించండి. నాన్న కొత్త కళ్ళజోడు పెట్టుకున్న ఫోటో, పిల్ల స్కూలు యూనిఫాం ఫోటో పంపండి. పంపినవాడికి తన ఎండ, తన మేస్త్రీ పని ఎక్కడికి చేరిందో కనపడాలి. దూరాన ఉన్నవాళ్ళు కూడా, ఇంట్లో ముసలివాళ్ళని చూసుకుంటున్న ఆమెను "అంతా బాగేనా?" అని మాత్రమే అడగకండి. "నిన్న అమ్మని నువ్వొక్కదానివే ఆసుపత్రికి తీసుకెళ్ళి లైన్లో నిలబడ్డావట" అనండి. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

## అడ్డం తిరిగినప్పుడు

తిత్లీ తుఫానులో తోట మొత్తం పోయింది. దేనికి కృతజ్ఞత చెప్పమంటారు?

చెప్పమనను. ఈ ప్రశ్న వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఫోన్లో వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్ళు కావాలి. తాత పెట్టిన చెట్టు పోయినవాడితో "ప్రాణాలు మిగిలాయి, సంతోషించు" అనడం ఓదార్పు కాదు. ఆ మాట అతను అనుకోవచ్చు, మనం అనకూడదు.

ఆయనే కాసేపటికి, తుఫాను మర్నాడు చీకట్లో ఎవరో తెలియని కుర్రాళ్ళు రంపాలు పట్టుకొచ్చి ఊరి దారికి అడ్డంపడ్డ చెట్లు కోసి వెళ్ళారని చెప్పాడు. నష్టం ఒక పేజీలో ఉండాలి, ఆ కుర్రాళ్ళు ఇంకో పేజీలో ఉండాలి. ఇది దానికి జవాబు కాదు, అది దీన్ని చెరిపెయ్యదు.

ఒకాయన కష్టంలో ఆదుకున్నాడు. ఇప్పుడు దాన్ని చెప్పి నన్ను ఆడిస్తున్నాడు. అతనికి కృతజ్ఞతతో ఉండాలా?

మనం "ఋణపడి ఉన్నాను" అంటాం. ఆ మాటే తిరకాసు. ఋణం బరువు, ఎదురుపడితే తల దించుకునేలా చేస్తుంది. కృతజ్ఞత ఉన్నవాడు ఎదురెళ్ళి పలకరిస్తాడు. మీరు అతన్ని చూసి సందు మారుతున్నారంటే మీకున్నది అప్పు. అప్పయితే తీర్చే మార్గం చూడండి: డబ్బు ఇచ్చుంటే డబ్బు, పని చేసిపెట్టుంటే ఒక పని. ఆనాటి సాయాన్ని నోటుబుక్కులో నిజాయితీగా రాయండి. ఈనాటి పెత్తనానికి మాత్రం "కుదరదు బావు" అని చెప్పండి. ఆ ఓటు, ఆ సంతకం, ఆ పొలంగట్టు, వీటిలో వేటినీ పాత సాయానికి వడ్డీగా కట్టక్కర్లేదు.

ఆయన కొడతాడు. మా వాళ్ళేమో "ఉన్నదానితో తృప్తిపడు, అన్నం పెడుతున్నాడు కదా" అంటున్నారు.

నోటుబుక్కు పక్కన పెట్టండి. ఇది మీరు తృప్తిపడి సర్దుకోవలసింది కాదు. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. మహిళల హెల్ప్‌లైను 181, ఏ వేళైనా చెయ్యొచ్చు. ప్రాణభయం ఉంటే 112.

రాస్తుంటే ఇంకా దిగులేస్తోంది. ఇన్ని ఉండి కూడా నాకేటి రోగం అనిపిస్తోంది.

అయితే ఆపెయ్యండి, తప్పేమీ లేదు. దిగులు జబ్బుగా ఉన్నప్పుడు మంచి విషయాల జాబితా తిట్లలా వినిపిస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఏ పనిమీదా ధ్యాస లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇప్పుడే చెయ్యండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.

నెలన్నర చేసి మానేశాను. మళ్ళీ మొదట్నుంచీ రావాలా?

అక్కర్లేదు. ఖాళీ పేజీలు వదిలెయ్యండి, ఇవాళ్టి తేదీ వేసి రాయండి. నా నోటుబుక్కులో ఒక ఏడాది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏమీ లేదు. మామిడికాయలు, చుట్టాలు, మోకాలి నొప్పి.

అందరికీ నేనే చెప్పాలా? నాకెవరూ చెప్పరే!

ఈ ప్రశ్న అడిగినావిడ ముప్పై రెండేళ్ళుగా ఉమ్మడి కుటుంబానికి వండి పెడుతోంది. నేను ఏదో చెప్పబోయాను గానీ మా బస్సు డ్రైవరుగారు అడ్డుపడ్డాడు. "సెల్లెమ్మా, ఆల్లకి గుర్తు సెయ్యి, తప్పేటి?" అన్నాడు. అడిగి చెప్పించుకోవడం చిన్నతనం అనుకుంటాం. నాకూ అదే అనిపించేది. ఆవిడ మాత్రం ఆ రాత్రి అందరికీ వడ్డించి, గరిటె పట్టుకుని నిలబడి, "పనసపొట్టు కూర ఎలాగుందో ఒకలైనా సెప్పండి" అందట. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావగారు, తొంభై ఏళ్ళాయన, కంచంలోంచి తలెత్తకుండానే, "మా అమ్మ సేసినట్టుంది" అన్నాడట. మర్నాడు ఫోన్ చేసి నాకు చెబుతూ ఆవిడ రెండుసార్లు ఆగింది.